వరండాలో స్కానింగ్

హేమచంద్రతో వచ్చిన చిక్కల్లా, అతని చేతికి తప్పు రాకపోవడమే.

తప్పు వచ్చే చేతికి కాస్త భయముంటుంది. భయమున్నవాడు రెండోసారి చూస్తాడు. ఇతనికి ఆ అవసరం ఎప్పుడూ పడలేదు.

నేను, హేమచంద్ర ఒకే ఏడాది కంబగిరి సారు దగ్గర శిష్యులుగా చేరాం. సీమలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి. నరాల విభాగంలో చిట్టచివరి గది మాది. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ మిషన్ అందరికీ తెలిసిందే కదా, అలాంటి మిషన్‌తోనే చేతుల్లో కాళ్లలో పారే నరాలను కూడా చూడొచ్చు. చర్మం మీద జెల్ రాసి, ప్రోబ్ ఆనించి మెల్లగా జరుపుతూ పోతే, తెర మీద నరం చిన్న తేనెపట్టు ముక్కలా కనిపిస్తుంది. అది ఉబ్బిందా, నలిగిందా, ఎక్కడైనా ఇరుక్కుపోయిందా అని కొలిచి చెప్పడమే మా పని.

చెప్పడానికి ఇంతే. మణికట్టులో ఏది నరమో, ఏది దాని పక్కనున్న స్నాయువో తేల్చుకోవడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. హేమచంద్ర మాత్రం చేరిన కొద్ది రోజులకే ఏ నరాన్నయినా ఇట్టే పట్టేసేవాడు. పక్క విభాగాల పెద్ద డాక్టర్లు కూడా "ఆ కుర్రాడితోనే చేయించండి" అని చెప్పి పంపేవాళ్లు. నాకు కడుపు మండేది. ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, మనిషి మంచివాడు. పేషెంట్లను ఒక్కనాడూ కసురుకోలేదు. కాకపోతే వాళ్ల ముఖాలు అతనికి గుర్తుండేవి కావు. "మొన్నటి ఉబ్బిన నరం మళ్లీ వచ్చిందా?" అని అడిగేవాడు, ఆ నరం ఒక్కటే బస్సెక్కి వచ్చినట్టు.

కంబగిరి సారు కూర్చోబెట్టి పాఠం చెప్పే రకం కాదు. తెల్లకోటు మీద భుజాన తుండుగుడ్డ వేసుకుని తిరిగే మనిషి. ఆ అవతారం చూసి కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్నే "డాక్టరు గారు ఎక్కడున్నారు?" అని అడిగేవాళ్లు. "వస్తాడు, కూచోండి" అని తనే కుర్చీ లాగి వేసేవాడు.

ఒక మే నెలలో మద్దిలేటి వచ్చాడు.

ఇరవై రెండేళ్ల కుర్రాడు, పొడుగ్గా, బక్కపలచగా ఉన్నాడు. పోలీసు కానిస్టేబులుగా ఎంపికై శిక్షణలో ఉన్నాడు. వెంట వాళ్లమ్మ సుంకులమ్మ. వేరుశనగ చేలల్లో కూలికి పోయే మనిషి. ఆ ఇంట్లో సర్కారు జీతం తెచ్చుకోబోయే మొదటివాడు ఈ మద్దిలేటే.

కానీ శిక్షణలో అతను పరిగెత్తలేకపోతున్నాడు. పరుగు మొదలైన కాసేపటికే అరికాళ్లు, అరిచేతులు మండుతున్నాయని మైదానంలో కూలబడిపోతాడు. చలికాలంలో ఎట్లాగో నెట్టుకొచ్చాడు. ఎండలు ముదిరేసరికి రోజూ అదే తంతు. తోటివాళ్లు "ఆడలేక మద్దెల ఓడు" అని నవ్వుతారు. అక్కడి అధికారి ఓపిక పట్టి పట్టి చివరికి ఒక మాట తేల్చేశాడు. రోగముంటే డాక్టర్లు చెప్పాలి. లేదంటే పెట్టె సర్దుకుని ఊరికి పోవాలి.

అదీ సంగతి. మేం రాయబోయే రిపోర్టు మీద ఆ కుర్రాడి ఉద్యోగం ఆగి ఉంది.

హేమచంద్ర అతన్ని బల్ల మీద పడుకోబెట్టాడు. "నొప్పి ఎక్కడ?" అని అడిగాడు.

"అరికాళ్లు, అరిచేతులు సార్. ఏళ్ల కొసలు. నిప్పులు పోసినట్టు మండుతాయి."

"ఎప్పుడెప్పుడు?"

"ఎండలో పరిగెత్తితే. జరమొచ్చినప్పుడు."

"ఇప్పుడుందా?"

"ఇప్పుడు లేదు సార్. ఈడ సల్లగుంది గదా."

మా గది చల్లగా ఉండటం నిజమే. అయితే ఆ ఏసీ పేషెంట్ల కోసం పెట్టింది కాదు. మిషన్ వేడెక్కితే పాడవుతుందని పెట్టింది. బయట రోళ్లు పగిలే ఎండ కాస్తున్నా మేం లోపల స్వెటర్లు వేసుకుని పని చేసేవాళ్లం. ఏసీ ఆపావా, కొంప మునిగిందే అన్నట్టు భయపెట్టి పోయాడు మిషన్ అమ్మినాయన.

హేమచంద్ర రెండు చేతులూ, రెండు కాళ్లూ, మణికట్టు నుంచి చంక దాకా, చీలమండ నుంచి మోకాలి వెనక దాకా వెతికాడు. ఒక్క నరం వదల్లేదు. అంత శ్రద్ధగా నేనైతే చేసి ఉండేదాన్ని కాదు. అన్నీ శుభ్రంగా, ఉండాల్సిన లావులోనే ఉన్నాయి. అంతకుముందు పక్క గదిలో కరెంటుతో చేసిన నరాల పరీక్ష కూడా బాగానే వచ్చింది.

చేతులు తుడుచుకుంటూ నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు, "ఎండలో ఉన్న నొప్పి నీడలో లేదు. పరేడ్‌లో ఉన్న నొప్పి మంచం మీద లేదు. ఇదెక్కడి నొప్పి?"

గొంతు తగ్గించాడు గానీ గది చిన్నది. బూట్లు తొడుక్కుంటున్న మద్దిలేటి చేయి ఆగింది.

"నాక్కూడా అనుమానమొస్తాది సార్," అన్నాడు తల ఎత్తకుండానే. "అందరూ ఒకే మాట అంటాంటే, నేను నిజంగానే నాటకమాడుతుండానేమో అని."

హేమచంద్ర ఇబ్బంది పడ్డాడు. "అట్లా కాదులే, పరీక్షలో ఏముందో అదే రాస్తాను" అన్నాడు. అని, రాశాడు. రెండే వాక్యాలు. "నరాలన్నీ మామూలుగా ఉన్నాయి. నొప్పికి కారణం లేదు."

దాని మీద కంబగిరి సారు సంతకం కావాలి. సారు వచ్చి నిలబడే చదివాడు. పెన్ను మూత తీసినవాడు మళ్లీ పెట్టేశాడు.

"మొదటి మాట మిషన్ చెప్పింది. రెండో మాట ఎవరు చెప్పినారప్పా?"

"సార్, అంటే, అన్ని నరాలూ చూశాను. ఎక్కడా ఏమీ లేదు."

"మళ్లీ చూస్తావా?"

"ఎన్నిసార్లు చూసినా అంతే సార్." తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

"చూడు. ఈడ కాదు. వరండాలో."

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. మా గది బయట రేకుల వరండా. పడమటి ఎండ నేరుగా పడుతుంది. మధ్యాహ్నం పూట కుక్కలు కూడా అటు రావు. "మిషన్ పాడవుతుంది సార్" అన్నాడు హేమచంద్ర.

"కాసేపటికి ఏం కాదులే. పాడైతే నన్నడుగుతారు."

ఆ తర్వాత సారు మద్దిలేటి దగ్గరికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. "నాయనా, బయట ఎండ దంచుతాంది. నీకు మంట లేస్తాదేమో. నీ మాట నేను నమ్మినాను, నాకు పరీక్ష అక్కర్లేదు. మా వానికి చూపించాల. కాకపోతే వాడు చూడాలని నువ్వు బాధపడటం న్యాయం కాదు. వద్దంటే వద్దు, ఆపమంటే ఆ నిమిషానే ఆపేస్తా."

మద్దిలేటి కాసేపు ఆలోచించాడు. "చూడండి సార్. ఒకరన్నా చూడనీ."

పొడుగాటి వైరు వేసి మిషన్‌ను వరండాలోకి నెట్టాం. బల్ల వేశాం. రేకుల కింద పెనం మీద నిలబడ్డట్టుంది. నేను స్వెటర్ తీసి పక్కన పడేశాను. సుంకులమ్మ కొంగు తల మీదికి లాక్కుని గోడ వారన కూర్చుంది. సారు మద్దిలేటిని వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి కొంచెంసేపు గబగబా నడవమన్నాడు. పక్కన తనూ నడిచాడు, ఆ వయసులో. హేమచంద్రను కూడా నడవమన్నాడు. వరండాలో ముగ్గురు మగాళ్లు అట్లా ఎందుకు తిరుగుతున్నారో తెలియక అటుగా పోయే నర్సులు నవ్వుకున్నారు.

తర్వాత హేమచంద్ర ప్రోబ్ పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర మొదలుపెట్టాడు. ఎండ వెలుతురులో తెర సరిగ్గా కనిపించక దాని మీదికి వంగిపోయి చూస్తున్నాడు.

"నరాలు ఇక్కడా మామూలుగానే ఉన్నాయి సార్."

"ఉంటాయి. నువ్వు మొదటిసారి గూడా బాగానే చూసినావు. కానియ్యి."

మోచేతి దాకా వెళ్లాడు. అతని గడ్డం మీద నుంచి ఒక చెమట బొట్టు జారి మద్దిలేటి ముంజేతి మీద పడింది. ఇంకొకటి పడింది. అతను సిగ్గుపడి భుజంతో ముఖం తుడుచుకోబోయాడు.

సారు భుజం మీది తుండుగుడ్డ తీసి అతని చేతికిచ్చాడు. "తుడుచుకో. ఆ పిల్లోనికి గూడా తుడువు."

హేమచంద్ర ముఖం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. గుడ్డ ఆ కొస తడిసి ముద్దయింది. రెండో కొసతో మద్దిలేటి నుదురు తుడిచాడు. చేయి ఆగింది. మెడ వెనక తుడిచాడు. చొక్కా కిందనుంచి వీపు మీద చేయి పెట్టి చూశాడు. గుడ్డ కొస వంక చూశాడు. ఉతికి ఆరేసిన గుడ్డ ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది.

"చెమట లేదు సార్," అన్నాడు నెమ్మదిగా.

"నాకెప్పుడూ పట్టదు సార్," అన్నాడు మద్దిలేటి. "సిన్నప్పటినుంచీ అంతే. ఎంత పరిగెత్తినా సొక్కా తడవదు. అందుకే పరేడ్‌లో మా సారు తిడతాడు, ఒంటికి సెమట గూడా పట్టలేదు, అప్పుడే పడిపోయినావేందిరా దొంగ నా కొడకా అని."

ఆ అధికారిని అనడానికి ఏముంది? పొడి చొక్కా చూసి అతను సోమరి అనుకున్నాడు. మేం చల్లటి గదిలో చూసి ఏమీ లేదనుకున్నాం.

మద్దిలేటి వేళ్లు మెల్లగా ముడుచుకుంటున్నాయి. పళ్లు బిగించాడు గానీ ఆపమని అనలేదు. సారే లేచాడు. "చాలు. లోపలికి పదండి." నేను పరిగెత్తి బకెట్లో నీళ్లు తెచ్చాను. కుర్రాడు కాళ్లు నీళ్లలో పెట్టి, చేతులు కూడా ముంచి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. సుంకులమ్మ దోసిలితో నీళ్లు తీసి అతని మోకాళ్ల మీద పోస్తూ ఉంది.

మంట తగ్గాక సారు అతని చొక్కా పైకెత్తి, బెల్టు కొంచెం వదులు చేయమన్నాడు. బొడ్డు కింద, నడుం చుట్టూ ముదురు ఎరుపు చుక్కలు, ఆవాలు చల్లినట్టు.

"అవి సెమటకాయలు సార్," అంది సుంకులమ్మ. "సిన్నప్పటినుంచీ ఉండాయి."

"చెమటే పట్టనోనికి చెమటకాయలు ఎట్లొస్తాయమ్మా?" అని సారు చొక్కా కిందికి దించాడు. "నీకు అన్నదమ్ములుండారా?"

ఇదెందుకు అడుగుతున్నాడో హేమచంద్రకు అర్థం కాలేదు. ఆమె ముఖం మాత్రం మారింది. "ఒక తమ్ముడుండె సార్. కిడ్నీలు సెడిపోయి పాయె. ముప్పై అయిదు గూడా నిండలేదు. వాడు గూడా ఎండకు ఆగేవాడు కాదు."

సారు ఇంకేమీ అడగలేదు. కుర్రాడి రక్తం తీసి బయటి ఊరికి పరీక్షకు పంపమన్నాడు. రిపోర్టులో రెండో వాక్యం హేమచంద్ర తనే కొట్టేశాడు. కొట్టేశాక ఆ ఖాళీలో ఏం రాయాలో తెలియక అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

"సార్, నా స్కాన్‌లో తప్పెక్కడుంది?" అని అడిగాడు చివరికి. గొంతులో పొగరు లేదు, నిజంగానే అడిగాడు.

"తప్పు లేదప్పా. లావు నరాలు బాగుండాయి, బాగుండాయనే చెప్పినావు. మండేటివి ఏళ్ల కొసల్లో ఉండే సన్న పోగులు. వాటిని చూపించే మిషన్ మన గదిలో లేదు."

"మరి తెలిసేదెట్లా?"

సారు బకెట్ పక్కన కూర్చున్న కుర్రాడి వైపు చూపించాడు. "ఆయప్ప పొద్దున్నుంచీ చెప్తానే ఉండాడు గదా."

పరీక్ష ఫలితం వచ్చేసరికి ఎండలు తగ్గుముఖం పట్టాయి. ఫాబ్రీ అని ఒక జబ్బు. లక్షలో ఒకరికి ఉంటుందో లేదో. ఒంట్లో ఒక రకం కొవ్వును ఎప్పటికప్పుడు కడిగేసే ఎంజైమ్ ఒకటుంటుంది. పుట్టుకతోనే అది లేకపోతే ఆ కొవ్వు నరాల్లో, రక్తనాళాల్లో, కిడ్నీల్లో, గుండెలో కొంచెం కొంచెం పేరుకుపోతుంది. చెమట పట్టకపోవడం, నడుం చుట్టూ ఆ ఎర్ర చుక్కలు దాని గుర్తులే. మందుంది గానీ చాలా ఖరీదు. ప్రభుత్వ సాయం కోసం సారు ఎక్కని మెట్టు, దిగని మెట్టు లేదు. ముందే తెలిసింది కాబట్టి కిడ్నీలను కనిపెట్టుకుని ఉండొచ్చు. మేనమామకు ఆ అదృష్టం కూడా లేకపోయింది.

రోగముందని చెబితే ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను. మద్దిలేటి ఏడవలేదు. "అయితే నేను దొంగను కాదన్నమాట" అని, కాసేపాగి మళ్లీ అదే మాట అన్నాడు. ఆ పేరును ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసిమ్మన్నాడు. పోలీసువాళ్లు మొదట నసిగారు. ఎండలో డ్యూటీ చేయలేనివాడు మాకెందుకన్నారు. సారు వెళ్లి మాట్లాడాడు, ఒకసారి కాదు. చివరికి కంట్రోల్ రూమ్‌లో వైర్‌లెస్ దగ్గర కూర్చునే పనికి ఒప్పుకున్నారు. తిట్టిన అధికారే ఆ కాగితం మీద సంతకం పెట్టి, కుర్రాడి భుజం మీద చేయి వేశాడట.

ఇక మిగిలింది సుంకులమ్మ. ఈ జబ్బు మగబిడ్డకు తల్లి నుంచే వస్తుంది. అందుకని ఆమెను కూడా చూడాలి, పిలిపించాం. ఆ రోజు సారు హేమచంద్రతో "నువ్వే చూడు, నువ్వే చెప్పు" అని తలుపు దగ్గర నిలబడిపోయాడు.

ఆమె బల్ల మీద కూర్చుంది గానీ కాళ్లు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. పగిలిన పాదాలు, సిగ్గుపడింది. "నాకేం లేదు నాయనా. వాన్ని సూడండి సాలు."

హేమచంద్ర జెల్ సీసా ముట్టుకోలేదు. స్టూలు జరుపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "మీకెప్పుడైనా కాళ్లు మండేవా అమ్మా?"

ఆమె నవ్వింది. "పని సేసే ఆడదానికి కాళ్లు మండకుండా ఎట్లుంటాయి నాయనా. అందరికీ ఉండేదే గదా."

"అందరి సంగతి కాదమ్మా. మీకు."

ఆమె కిందికి చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. హేమచంద్ర తొందరపెట్టలేదు. అతను అంతసేపు ఊరకే కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

"సిన్నప్పుడు సేన్లో కాయలు పెరికేటప్పుడు మండేవి," అంది. "ఏడిస్తే మాయమ్మ కొట్టేది. పనిదొంగ అనేది. సరే, పనిదొంగనేమో అనుకుంటి." గోడ వారనున్న కొడుకు వైపు చూసింది. "వీడు బడికి పోనని, కాళ్లు మండుతాండాయని ఏడిస్తే నేను గూడా అదే మాట అంటి సార్. సీపురుకట్టతో కొడితి. నాకు ఓర్సుకోవడం వొచ్చె గదా, వీనికి ఎందుకు రాదు అనుకుంటి."

మద్దిలేటి లేచి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. "పోనీలేమా" అన్నాడు. ఆమె అతని చేయి పట్టుకుంది, గట్టిగా కాదు, మంట పుడుతుందేమోనని వేళ్లు వదిలేసి మణికట్టు పట్టుకుంది.

తర్వాత కళ్లు తుడుచుకుని హేమచంద్ర వైపు తిరిగింది. అడగొచ్చో లేదో అన్నట్టు అడిగింది.

"అయితే నాయనా, నాది గూడా నిజమేనా?"

హేమచంద్ర సారు వైపు చూశాడు. తలుపు దగ్గర సారు లేడు. మిషన్ ఇంకా ఆన్ చేయలేదు.

"నిజమేనమ్మా," అన్నాడు.